పుణెకు పోతేనే వచ్చే ఫిట్స్: పాలమూరు నుంచి ఒక కేసు

రాసే ముందు ఆ కుటుంబాన్ని అడిగాను. "పేరు పెట్టకుండ రాయండి సార్, ఇంకో నలుగురికి పనికొస్తది" అన్నాడు కొడుకు. అందుకే ఊరు, వయసు, ఇంట్లో ఎవరెవరున్నారు, ఏ సంవత్సరం అన్నవి కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. వైద్యం సంగతులు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి. నేను మహబూబ్‌నగర్‌లో మానసిక వైద్యుణ్ని. కల్తీ కల్లు కేసులు మాకు కొత్త కాదు. 2015 సెప్టెంబర్‌లో కల్తీ మీద దాడులు పెరిగి మత్తు కల్లు ఒక్కసారిగా ఆగినప్పుడు పాలమూరు, నిజామాబాద్ జిల్లాల్లో వందల మంది వణుకుతూ, ఫిట్స్‌తో, తిక్క తిక్కగా మాట్లాడుతూ ఆస్పత్రులకు వచ్చారు. అది తెలిసి కూడా ఇక్కడ చెప్పబోయే ఆమె విషయంలో నేను పొరపడ్డాను.

ఆమెకు నలభై దాటాయి. భర్త, కొడుకు, కోడలు. వానలు పడితే సొంత ఎకరంన్నర, పంట అయిపోగానే గుంపు మేస్త్రీతో పుణె, అక్కడ బిల్డింగుల పని. పాలమూరులో ఇలాంటి ఇళ్లు ఊరికి వంద ఉంటాయి. చదువు లేదు కానీ చాలా తెలివైన మనిషి, గుంపులో కూలీ లెక్కలు నోటితోనే చెప్పేదట. బీపీ లేదు, షుగర్ లేదు, తలకు దెబ్బ తగలలేదు, ఇంట్లో ఎవరికీ మూర్ఛ లేదు.

సమస్య ఇదీ. రెండేళ్లుగా ఆమె పుణెకు పోయిన ప్రతిసారీ రెండో రోజుకు నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, గుండె దడ, ఎవరైనా గిన్నె కింద పెట్టినా ఉలిక్కిపడేంత భయం, మూడో రోజు ఫిట్స్. మొదటిసారి అక్కడి ఆస్పత్రిలో తలకు స్కానింగ్ తీస్తే ఏమీ లేదు, మూర్ఛ అని ఫెనిటోయిన్ మాత్రలు రాసిచ్చారు. ఇంటికి తీసుకొచ్చారు, రెండు రోజుల్లో మామూలు మనిషయింది. "ఊరి నీళ్లు పడ్డయి" అనుకున్నారు. మరుసటి ఏడు మాత్రలు తప్పకుండా మింగుతూ పోయినా మళ్లీ అదే. ఇక గాలి సోకిందని, ఎవరో చేశారని, కోడి, మేక, తాయెత్తు, ఇరవై వేల దాకా ఖర్చు పెట్టారు. నన్ను అడిగితే వాళ్లను తప్పు పట్టను. ఒక ఊళ్లో వచ్చి ఇంకో ఊళ్లో పోయే జబ్బును ఎవరైనా ఏమనుకుంటారు?

నేను మొదటిసారి చూసినప్పుడు

ఆమె ఇంటి దగ్గర బాగున్న రోజుల్లో తీసుకొచ్చారు, మళ్లీ పుణె ప్రయాణం దగ్గర పడుతోందని. నిమ్మళంగా కూర్చుంది, అడిగినదానికి చక్కగా జవాబు చెప్పింది. ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష) మామూలుగా ఉంది. అలవాటుగా అడిగే ప్రశ్న అడిగాను: "మందు గిట్ల తాగుతవా అమ్మా?"

"అయ్యో, నేనెందుకు తాగుత సారూ. మా ఇంట్ల ఆడోళ్లం ఎవ్వలం ముట్టం."

రాసుకున్నాను: మద్యం లేదు. పొగాకు లేదు. ఈ రెండు మాటలతో నేను ఒక తలుపు మూసేశాను. ఇక మిగిలినవాటిలోంచే కారణం వెతికాను. పొలం వదిలి, మనవణ్ని వదిలి పోయే మనిషి, ఇల్లు దాటితే లక్షణాలు, తిరిగొస్తే మాయం, స్కానింగ్‌లో ఏమీ లేదు. వలస టెన్షన్ ఫిట్స్ రూపంలో బయటపడుతోందని నాకు బాగా నమ్మకం కుదిరింది. ఆందోళనకు ఎస్సిటలోప్రామ్ మొదలుపెట్టి, మూడుసార్లు పిలిచి మాట్లాడాను. కథ మొత్తం అందంగా అతికింది, అది అలా అతకడమే నన్ను మోసం చేసింది. నిజానికి ఒక్క విషయం అప్పుడే అనుమానం కలిగించాల్సింది. టెన్షన్ మనిషికి బస్సెక్కక ముందు నుంచే ఉంటుంది, ఈమెకు ప్రతిసారీ లెక్కపెట్టినట్టు రెండో రోజు వణుకు, మూడో రోజు ఫిట్స్. మనసుకు ఇంత కచ్చితమైన గడియారం ఉండదు. ఒంట్లోంచి ఏదో దిగిపోతోందంటే మాత్రం సరిగ్గా ఇలాగే ఉంటుంది.

మూడోసారి పుణె పోయింది. మళ్లీ ఫిట్స్. ఈసారి ఫిట్స్ ఆగినా తెలివి సరిగా రాలేదు, మేస్త్రీ భయపడి బస్సెక్కించాడు, ఐదో రోజు సరాసరి మా వార్డుకు తెచ్చారు. నాడి నిమిషానికి 128, బీపీ 160/100, ఒళ్లంతా చెమట. దుప్పటి మీద లేని చీమలను ఏరుతోంది, ఎప్పుడో చనిపోయిన తల్లితో మాట్లాడుతోంది. జ్వరం కొద్దిగా ఉంటే మెదడు ఇన్‌ఫెక్షన్ ఏమోనని, ఫెనిటోయిన్ ఎక్కువైందేమోనని, సోడియం పడిపోయిందేమోనని నేను రకరకాలుగా ఆలోచిస్తున్నాను.

అప్పుడు అదే మండలం నుంచి వచ్చిన మా స్టాఫ్ నర్స్ కోడల్ని అడిగింది: "మీ అత్త కల్లు తాగి ఎన్ని రోజులైంది?"

"బస్సెక్కిన నాటి నుంచి లేదక్కా. ఇయ్యాల్టికి ఐదొద్దులాయె."

కేసు అక్కడ తెలిసింది. రోజూ పొద్దుమీకి మూడు సీసలు, పొద్దున పనికి పోయే ముందు ఒక సీస. పదకొండేళ్లుగా. తర్వాత ఆమె కోలుకున్నాక నేను "తాగనన్నావు కదమ్మా" అంటే ఎంత ఆశ్చర్యపోయిందో చెప్పలేను: "గా కల్లును గూడ మందంటరా సారూ?" ఆమె నాకు అబద్ధం చెప్పలేదు. మందు అంటే బ్రాందీ, విస్కీ, చీప్ లిక్కర్. కల్లు పండుగకు పోసేది, బాలింతకు ఇచ్చేది, కూలి నుంచి వచ్చాక ఒళ్లు నొప్పులకు తాగేది. నా భాషలో అడిగాను, ఆమె తన భాషలో నిజం చెప్పింది.

సీసలో ఏముంది

చెట్టు నుంచి దించిన కల్లులో ఆల్కహాల్ 4, 5 శాతం దగ్గర ఉంటుంది. పులిసిన కొద్దీ కొంత మారుతుంది. కానీ తాటి, ఈత చెట్లు ఏడాది పొడుగునా ఒకేలా పారవు. కల్లు అమ్మే డిపోకు మాత్రం సీసలు ఏ కాలంలోనూ తగ్గవు. నీళ్లు, చక్కెర, సాక్రిన్ కలిపి రుచి తెప్పించవచ్చు, మత్తు తెప్పించాలంటే క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఇప్పుడు ఎక్కువగా అల్ప్రాజోలం లాంటి నిద్రమత్తు మందులు కావాలి. అల్ప్రాజోలం 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల నియంత్రణ) చట్టం కిందికి వచ్చే మందు. వంద గ్రాములు దాటితే చట్టం దాన్ని వ్యాపార పరిమాణంగా లెక్కిస్తుంది. నేను ఆందోళనకు రాసే మాత్రలో ఉండేది అర మిల్లీగ్రాము. అంటే వంద గ్రాముల పొడి రెండు లక్షల మాత్రలతో సమానం, చేతిసంచిలో పట్టేస్తుంది. (ప్రాణాలకు తెగించి చెట్టెక్కి కల్లు దించే గీత కార్మికుల గురించి కాదు ఇదంతా. చెట్టు కల్లుకు ఉన్న మంచి పేరును అడ్డం పెట్టుకుని పొడి అమ్మేవాళ్ల వల్ల వాళ్లూ నష్టపోతున్నారు.)

అది మెదడులో చేసే పనిని కొడుక్కి నేను ఇలా చెప్పాను. మెదడులో ఉరికించే రసాయనం ఒకటి, గ్లుటమేట్. ఆపే రసాయనం ఒకటి, గాబా. వాలులో దిగే ఎద్దుల బండి అనుకో, గ్లుటమేట్ ఎద్దులు, గాబా బ్రేకు మీద కాలు. గాబా వచ్చి తగిలినప్పుడు నాడీకణం మీద ఒక చిన్న ద్వారం తెరుచుకుని క్లోరైడ్ లోపలికి పోతుంది, కణం చల్లబడుతుంది. అల్ప్రాజోలం తనంతట తాను ఆ ద్వారం తెరవదు, గాబా వచ్చినప్పుడు అది మరిన్నిసార్లు తెరుచుకునేలా చేస్తుంది. ఇంకొకరు వచ్చి బ్రేకు మీద కాలు వేసినట్టు. ఒక్కరోజైతే హాయి, నిద్ర. రోజూ వేస్తుంటే మెదడు ఊరుకోదు, సమతూకం కోసం తన కాలు సడలిస్తుంది, అంటే ఆ ద్వారాలు మందుకు మునుపటిలా స్పందించవు, మరోవైపు గ్లుటమేట్ బలపడుతుంది, ఎద్దులు ఇంకా గట్టిగా గుంజడం నేర్చుకుంటాయి. అందుకే ఒక సీస రెండవుతుంది, రెండు మూడవుతాయి. ఇప్పుడు బయటి కాలు ఒక్కసారి తీసేస్తే? వణుకు, దడ, నిద్ర లేకపోవడం, చీమలు కనబడటం, ఫిట్స్, అన్నీ ఆ బండి బోల్తా పడటమే.

"అంటే మా అమ్మ మత్తు కోసం తాగుతలేదా సార్?" అన్నాడు. లేదు. మొదట్లో ఒళ్లు నొప్పులకు, నిద్రకు తాగింది. చివరి ఐదారేళ్లు చేతులు వణకకుండా తట్ట ఎత్తడానికి తాగింది. పొద్దున సీస సంగతి కూడా దీంతోనే అర్థమవుతుంది. అల్ప్రాజోలం ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు పడుతుంది, రాత్రి తాగింది తెల్లారేసరికి దిగుతుంది, లేవగానే గుండె దడ.

ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని నేను ఆలస్యంగా పట్టించుకున్నాను. మెదడు నడిమి భాగంలో డోపమైన్ విడుదల చేసే కణాలుంటాయి, వాటిని అదుపులో పెట్టే చిన్న కణాలూ ఉంటాయి. ఈ జాతి మందులు ముందుగా ఆ కాపలా కణాలను నిద్రపుచ్చుతాయని 2010లో జెనీవా పరిశోధకులు చిట్టెలుకల్లో చూపించారు. కాపలా పడుకుంటే డోపమైన్ పెరుగుతుంది. డోపమైన్ పని సుఖం ఇవ్వడం మాత్రమే కాదు, "ఇది ఎక్కడ దొరికిందో గుర్తుపెట్టుకో" అని చెప్పడం. 1990లలో వోల్ఫ్రాం షుల్ట్జ్ అనే మెదడు శాస్త్రవేత్త కోతులకు పండ్లరసం ఇస్తూ ఈ కణాలను గమనిస్తే, అలవాటయ్యాక రసం నోట పడ్డప్పుడు కాకుండా రసం రాబోతోందన్న గుర్తు కనబడగానే అవి చెలరేగాయి. మా ఊళ్లలో ఆ గుర్తు సాయంత్రం ఐదు గంటలు, డిపో ముందు సీసల చప్పుడు, పులిసిన వాసన.

ఏం చేశాం, ఏది చెడింది

మందు ఏదీ ఇవ్వకముందే మూత్రం పరీక్షకు తీశాం, ఎందుకంటే మేమిచ్చే డయాజెపామ్ కూడా అదే గీతలో కనబడుతుంది, ఇచ్చాక తీస్తే ఆ ఫలితానికి విలువ లేదు. బెంజోడయజెపైన్, అంటే అల్ప్రాజోలం, డయాజెపామ్ జాతి మందు, ఉన్నట్టు వచ్చింది. క్లోరల్ హైడ్రేట్ ఆ కిట్‌లో తెలియదు. షుగర్, సోడియం, కాలేయం చూశాం, బాగానే ఉన్నాయి. కల్లులో ఆల్కహాల్ కూడా ఉంటుంది కాబట్టి ముందు థయమిన్ (బీ1 విటమిన్) ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజ్.

ఒక్కసారిగా తీసేసిన బయటి కాలును అదే జాతి మందుతో మళ్లీ వేసి మెల్లగా తీయాలి. అందుకు డయాజెపామ్ ఎందుకంటే అది ఒంట్లో చాలా సేపు ఉంటుంది, మెల్లగా దిగుతుంది. కాలేయం చెడి ఉంటే లొరాజెపామ్ ఎంచుకునేవాణ్ని. ఎంత ఇవ్వాలన్నది అసలు చిక్కు. బ్రాందీ తాగేవాళ్లకైతే రోజుకు ఎన్ని క్వార్టర్లో అడిగి అంచనా వేస్తాం, సీసలో ఎంత అల్ప్రాజోలం కలిపారో కలిపినవాడికి కూడా సరిగా తెలియదు, రోజుకో తీరు, డిపోకో తీరు. కాబట్టి లెక్క వేయలేదు. 10 మిల్లీగ్రాములు ఇవ్వడం, గంట గంటకు నాడి, వణుకు, ఊపిరి, మగత చూడటం, అవసరమైతే మళ్లీ ఇవ్వడం. మొదటి 24 గంటల్లో 60 మిల్లీగ్రాములు పట్టింది. ఇది ఆస్పత్రిలో, పక్కన మనిషి ఉండి చేసే పని, ఇంట్లో చేయకూడదు, ఊపిరి ఆగే ప్రమాదం ఉంటుంది. మూడో రోజుకు చీమలు పోయాయి, కొడుకును గుర్తుపట్టింది.

ఆ తర్వాత నా రెండో తప్పు. తాగుడు మాన్పించినట్టే తొమ్మిది రోజుల్లో డయాజెపామ్‌ను సున్నాకు దించి ఇంటికి పంపాను. నడుచుకుంటూ, నవ్వుకుంటూ పోయింది. డయాజెపామ్, దాని నుంచి ఒంట్లో పుట్టే ఇంకో పదార్థం, రెండూ రోజుల తరబడి ఉండిపోతాయి, అందుకే వార్డులో ఉన్నన్నాళ్లు బాగుంది. ఇంటికి పోయిన ఎనిమిదో రోజుకు నిద్ర మొత్తం పోయింది, రేడియో చప్పుడు కూడా భరించలేకపోయింది. పన్నెండో రోజు డిపోకు పోయింది. ఊళ్లో అందరూ "ఆ మనిషికి బుద్ధి లేదు" అన్నారు. పదకొండేళ్లు మెల్లగా మారిన మెదడును నేను తొమ్మిది రోజుల్లో వెనక్కి తిప్పాలనుకున్నాను. బుద్ధితో దానికి సంబంధం లేదు.

రెండోసారి చేర్చుకుని 40 మిల్లీగ్రాముల దగ్గర నిలబెట్టి, నెలల మీద తగ్గించే పథకం వేశాను. వారం వారం మాత్రలు కోడలి చేతికి. సరిగ్గా సాగాల్సింది. మూడో వారం నుంచి మళ్లీ వణుకు, మాత్రలు రెండు రోజుల ముందే అయిపోవడం. ఎక్కువ మింగుతోందని అనుమానించాను, కొంచెం కటువుగానే అడిగాను. చాలాసేపు తల వంచుకుని కూర్చుంది. "మా ఆయన సగం తీసుకుంటుండు సారూ. నేను మానేసిన అని ఆయన గూడ మానిండు. చేతులు వణుకుతుంటె సూడలేక ఇచ్చిన." ఆమె ఎక్కువ మింగడం కాదు, తనకు రాసిన దాంట్లో సగమే మింగుతోంది. రెండు నెలలుగా ఆ భర్త ప్రతిసారీ తోడు వచ్చి నా గది బయట బెంచీ మీద కూర్చుంటున్నాడు, ఒక్కసారి కూడా లోపలికి పిలిచి ఆయన చేతులు చూడలేదు.

ఏది నిలబడింది

ఇద్దరికీ వేర్వేరు చీటీలు, వేర్వేరు డబ్బాలు, ఒకే రోజు రావడం. ఆమె 40 నుంచి 20 దాకా రెండు వారాలకోసారి 5 మిల్లీగ్రాములు తగ్గింది. 20 నుంచి కిందికి రెండు వారాలకోసారి 2 మాత్రమే. పైన 5 తగ్గితే ఎనిమిదో వంతు, 10 దగ్గర అదే 5 తగ్గితే సగం. అందుకే కిందికి పోయిన కొద్దీ అడుగు చిన్నదవ్వాలి. నాట్ల కాలంలో ఒక నెల 10 దగ్గరే ఆగిపోయాం, ఆమే ఆపమంది. వంగి నాటేటప్పుడు కళ్లు తిరిగితే కూలి పోతుందని. నాకు తొందర ఉంది, ఆమెకు లేదు, ఆమె మాటే విన్నాను, అది మంచిదైంది. అంతా కలిపి ఎనిమిది నెలలు. మూర్ఛ మాత్రలు కూడా ఈలోగా మెల్లగా తీసేశాం, ఆమెకు మూర్ఛ లేదు. భర్తకు తక్కువ మోతాదు సరిపోయింది, కానీ ఆయన మధ్యలో రెండుసార్లు డిపోకు పోయాడు. రెండుసార్లూ మరుసటి వారమే వచ్చి చెప్పాడు. అరవలేదు నేను, మోతాదు ఎక్కడ చాలలేదో చూసుకున్నాం.

సాయంత్రం ఐదు గంటల సంగతి మందుతో తెగలేదు. అది కోడలు తెంచింది. కూలి నుంచి వచ్చేటప్పుడు డిపో ముందు నుంచి కాకుండా చెరువు కట్ట మీద నుంచి తీసుకొచ్చేది, రాగానే వేడినీళ్లు, ఆ వెంటనే తిండి. మామూలుగా తొమ్మిదికి తినే మనిషి ఆరున్నరకే తినేసేది. కడుపు నిండాక ఆ గుంజుడు సగం తగ్గుతుందని ఆమే కనిపెట్టింది.

మరుసటి ఏడు పుణె పోయారు. మూడో రోజు పొద్దున నేనే ఫోన్ చేశాను, ఆగలేక. "సెంట్రింగ్ పని మీద ఉంది సార్, మాట్లాడమంటరా?" అన్నాడు కొడుకు. నాలుగో రోజు, ఐదో రోజు కూడా చేశాను. ఏమీ రాలేదు. నిద్ర మాత్రం ఇప్పటికీ నాలుగైదు గంటలే, పేర్లు తొందరగా గుర్తురావట్లేదంటుంది, నోటి లెక్కలు మళ్లీ వస్తున్నాయి.

ఇప్పుడు మా ఓపీలో ప్రశ్న మార్చాం. మందు తాగుతారా అన్న తర్వాత ఆగకుండా, ఆడవాళ్లను కూడా: కల్లు తాగుతారా, చెట్టుదా డిపోదా, రోజుకు ఎన్ని సీసలు, పొద్దున కూడానా, ఊరు దాటినప్పుడు ఏమవుతుంది. ఈ ఐదింటినీ ఆ నర్సే రాసింది, గోడకు అంటించి ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా ఇలా జరుగుతోందనిపిస్తే ఆపమని ఒత్తిడి చేయకండి, ముందు దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకుపోండి, దారి తెలియకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

పోయిన నెల వచ్చినప్పుడు ఆమె ఒక మాట అడిగింది. "ఎల్లమ్మకు సాక పొయ్యాలె గద సారూ, ఎట్ల మరి? తెలిసినాయన చెట్టు కల్లే, ఒక్క గుక్క తాగొచ్చునా?" చాలాసేపు ఆలోచించాను. చెట్టు కల్లే అయినా ఆల్కహాల్ కూడా అదే గాబా ద్వారాల మీద పనిచేస్తుంది, పైగా ఆ వాసన ఆమె మెదడుకు పదకొండేళ్ల గుర్తు. తాగొద్దన్నాను, సాక (అమ్మవారికి కల్లు పోయడం) మాత్రం మానొద్దన్నాను. సాయంత్రం కాకుండా పొద్దున్నే, అన్నం తిన్నాక పొమ్మని, సీస కోడలు పట్టుకోవాలని అనుకున్నాం. పండుగ అయ్యాక కోడలు ఫోన్ చేసింది. అత్తనే పోసిందట, వాసనకు నోట్లో నీళ్లూరినయట, చెయ్యి కొంచెం వణికిందట, ఖాళీ సీస కోడలికిచ్చి గుడి వెనక బోరింగు దగ్గర చేతులు కడుక్కుని వచ్చిందట.